కవికోకిల జాషువ

వినుకొండయందు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన గుఱ్ఱము జాషువ జన్మించెను. తండ్రి వీరయ్య యాదవకులస్థుడు. తల్లి లింగమ్మ ఆనాడు అంటరానిదిగా నెంచబడుచుండిన మాదిగ కులమున పుట్టినది. ఇరువురును క్రైస్తవులు. బిడ్డకు పెట్టిన పేరు బైబిలు గ్రంథములోనిది. ఆ పేరు చెవిని బడినంతనే జనులు ఆతని మతమును, మతమునుబట్టి కులమును, కులమునుబట్టి విద్యను ఊహించుకొనుచుండిరి. మనిషిని చూచుటకు ముందే పేరును చూచుట లోకులకు అలవాటు. జాషువ జీవితమంతయు ఆ యలవాటుతో పోరాడెనని చెప్పవచ్చును.

బాల్యమున ఆయనకు బొమ్మలు గీయుటయందును పాటలు పాడుటయందును ఆసక్తి మెండు. బాల్యమిత్రుడగు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యమున కవిత్వముపై మక్కువ కలిగెను. ఈ పిచ్చయ్యశాస్త్రియు పిదప కవిగా పేరొందినవాడే. జూపూడి హనుమచ్ఛాస్త్రి జాషువకు కాళిదాసుని రఘువంశమును, కుమారసంభవమును, మేఘసందేశమును బోధించెను. శిష్యుని కులమతములు ఆ గురువునకు అడ్డు కాలేదు. ఇట్టివారు ఆ కాలమున నరుదు.

అందఱును హనుమచ్ఛాస్త్రి వంటివారు కారు. వినుకొండలో ఒకమారు అవధానసభ జరిగెను. జాషువ ఆ సభలో తాను రచించిన పద్యములు చదివెను. ఛందస్సు తప్పెననిగాని, భావము చాలదనిగాని ఎవ్వరును ఆక్షేపింపలేదు. తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చిరని మాత్రము కొందఱు కోపించిరి. పద్యము వినిన చెవులే పేరు తెలిసినంతనే మూసుకొనెను.

స్వమతస్థులయొద్దనైన ఆదరణ లభించెనా యనిన, అదియు లేదు. క్రైస్తవుడై యుండి హిందూ పురాణములను చదువుటయు, ఆ కథలనే కావ్యములుగా వ్రాయుటయు మతపెద్దలకు గిట్టలేదు. వారాయనను సంఘమునుండి బహిష్కరించిరి. క్రైస్తవుడు క్రీస్తును మాత్రమే పాడవలెనని ఒకరు, అంటరానివాడు పురాణమును ముట్టరాదని ఒకరు! దారులు వేఱైనను ఇరువురి తీర్పును ఒక్కటియే. కావ్యమును ఇరువురును చదువలేదు. చీటీని మాత్రము చదివిరి.

ఇంటిలో దారిద్ర్యము. 1910లో మేరీతో ఆయనకు వివాహము జరిగెను. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై కొలువు చేసి, అదియు పోగా రాజమహేంద్రవరమునకు తరలెను. అచట 1915, 1916 సంవత్సరములలో మాటలు లేని చలనచిత్రములు ఆడునప్పుడు ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించుచు పొట్ట పోసికొనెను. పిదప గుంటూరు చేరి లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పనిచేసెను. ఉభయభాషాప్రవీణుడై చిరకాలము తెలుగు బోధించెను.

1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యమునకు నాయకుడు పారసీక మహమ్మదీయ కవి. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము నిచ్చెదనని పలికి మాట తప్పెనను కథ అందులోనిది. వంచితుడైన కవి దుఃఖము జాషువకు పరాయి మతమువాని దుఃఖముగా తోపలేదు.

1941లో గబ్బిలము వెలువడెను. కాళిదాసుని కావ్యమున భార్యకు దూరమైన యక్షుడు మేఘముచే సందేశము పంపును. జాషువ కావ్యమున యక్షుడు లేడు. తంజావూరు సీమలో ఆకలితో అలమటించు ఒక అస్పృశ్యుడు తన మొర కాశీవిశ్వనాథునికి విన్నవింపగోరును. ఆతడు కోవెల గడప దాటరాదు. కావున రాత్రివేళ తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలమును దూతగా పంపును. గబ్బిలము ఇల్లు చొచ్చుట అశుభమని లోకులు తలంతురు. ఆ ప్రాణికిని ఒక నింద కలదన్నమాట. అయినను అది గర్భగుడిలో వ్రేలాడిన నడుగువారు లేరు. పూజారి లేని సమయమున శివుని చెవిలో తన గోడు చెప్పుమని ఆతడు దానిని వేడుకొనును. గుడిలోనికి పోరాని ఆ మనుష్యుని మొఱ శివునికే! ఆతడు దేవుని దూషింపలేదు. దేవునికిని తనకును నడుమ నిలిచిన గోడను ప్రశ్నించెను. మేఘసందేశమే ఈ కావ్యమునకు త్రోవ చూపెను.

కాలము గడచినకొలది గౌరవములు వచ్చెను. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి సభలో తన చేతులతో ఆయన కాలికి గండపెండేరము తొడిగెను. బ్రాహ్మణ పండితుడు, అందును అంతటి వృద్ధుడు, జాషువ పాదమును తాకుట ఆనాటి వారికి చిన్న విషయము కాదు. కవికోకిల, మధుర శ్రీనాథ మున్నగు బిరుదులు లభించెను. శ్రీనాథుడు పరమ శైవుడు. ఆ పేరు క్రైస్తవ కవికి బిరుదగుట గమనింపదగినది.

1957 మొదలు 1959 వఱకు మద్రాసు ఆకాశవాణిలో పనిచేసెను. పురాణములు వ్రాసెనని వెలివేయబడిన కవియే 1958లో క్రీస్తుచరిత్రను ప్రకటించెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆ యేడే ఆయన రాష్ట్ర శాసనమండలి సభ్యుడయ్యెను.

ఆయన కుమార్తె హేమలత నాస్తికోద్యమ నాయకుడగు గోరా కుమారుని, లవణమును, పెండ్లాడెను. శివుని గూర్చియు క్రీస్తును గూర్చియు కావ్యములు వ్రాసిన ఇంటికి దేవుడు లేడనువారు వియ్యంకులైరి.

1970లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. మఱుసటి యేడు, 1971 జూలై 24వ తేదీన, జాషువ గుంటూరులో కన్నుమూసెను.