కాలేజీ చదవని పోస్ట్‌మ్యాన్.. పోలీసులను కాలేజీకి పంపాడు!

క్రిమినాలజీ, క్రిమినల్ జస్టిస్ కోర్సులు చదివి పోలీస్ జాబ్ కొట్టాలనుకుంటున్నారా? అయితే ఆగస్ట్ వోల్మర్ గురించి తెలుసుకోవాల్సిందే.

1876లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టారు. చదువు స్కూల్‌తోనే ఆగిపోయింది. ఫిలిప్పీన్స్‌లో సైనికుడిగా పనిచేసి, తర్వాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఇంటింటికీ ఉత్తరాలు పంచారు. 1904లో అదుపు తప్పి దూసుకెళ్తున్న రైలు వ్యాగన్‌పైకి ఎక్కి బ్రేక్ వేశారు. దాంతో ఊళ్లో హీరో అయిపోయారు. మరుసటి ఏడాది టౌన్ మార్షల్‌గా గెలిచారు. 1909లో బర్క్‌లీ తొలి పోలీస్ చీఫ్ ఆయనే.

పోలీసంటే కండబలం ఉంటే చాలనుకునే రోజులవి. వోల్మర్ లెక్క వేరు. నిందితుణ్ని కొట్టి ఒప్పించడం కాదు, సాక్ష్యంతో పట్టుకోవాలన్నది ఆయన పట్టుదల. దానికి చదువు కావాలి. అందుకే 1908లోనే తన సిబ్బందికి స్కూల్ పెట్టారు. 1916లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో వేసవి క్లాసులు మొదలయ్యాయి.

కాలేజీ కుర్రాళ్లను డ్యూటీలోకి తీసుకుంటే చాలామంది ఎగతాళి చేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆయన దగ్గర పనిచేసిన జాన్ లార్సన్ 1921లో లై డిటెక్టర్ తయారుచేశారు. అదే ఏడాది స్టూడెంట్‌గా చేరిన ఓ.డబ్ల్యూ. విల్సన్ 1960లో చికాగో పోలీస్ బాస్ అయ్యారు.

1932లో రిటైరయ్యారు. కాలేజీ మెట్లెక్కని వోల్మర్ అదే యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. 1955లో కన్నుమూశారు. ఖాకీ డ్రెస్‌కు డిగ్రీ ఎందుకని ఎవరైనా అడిగితే.. ఆయన జీవితమే జవాబు.