పూర్వ విద్యార్థులు నిలబెట్టిన విగ్రహం

ఇటలీ దేశంలోని టూరిన్ నగరంలో మరియమాత గుడి ఎదుట ఒక విగ్రహం ఉంది. చుట్టూ పిల్లలు, నడుమ గురువు. ఆయనే జాన్ బాస్కో. డాన్ బాస్కో అంటే మనలో చాలామందికి తెలుసు. డాన్ అంటే అక్కడ ఫాదర్లను గౌరవంగా పిలిచే మాట. గెతానో చెల్లిని అనే శిల్పి చేసిన ఆ విగ్రహాన్ని 1920 మే 23న ఆవిష్కరించారు. దాన్ని పెట్టించింది రాజులు కాదు, ఆయన బడుల్లో చదువుకున్న పూర్వ విద్యార్థులు. అందుకే ఆయన జీవితాన్ని ఈ సంచికలో మీకు చెప్పాలనుకున్నాము.

జాన్ బాస్కో 1815 ఆగస్టు 16న బెక్కి అనే పల్లెలో పేద రైతు ఇంట పుట్టాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. అదే కాలంలో వానలు లేక కరవు వచ్చింది. కర్నూలు, కడప పల్లెల్లో పుట్టిన మాకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. తల్లి మార్గరీటా కూలీనాలీ చేసి పిల్లలను సాకింది. చదువుకుంటానంటే సవతి అన్న ఒప్పుకోలేదు. పన్నెండేళ్లు దాటగానే జాన్ ఇల్లు విడిచి, ఒక రైతు దగ్గర పశువులు కాసే జీతగాడిగా చేరాడు. తర్వాత దర్జీ పని, కాఫీ హోటల్ పని చేస్తూనే చదివి, 1841లో ఫాదర్ అయ్యాడు.

టూరిన్ జైళ్లలో చిన్న పిల్లలను చూసి ఆయన మనసు కలత చెందింది. పని కోసం పల్లెల నుండి వలస వచ్చి, దిక్కులేక చెడిపోయినవారే వాళ్లలో ఎక్కువ. ముందే ఒక ఆసరా దొరికితే వీళ్లు ఇక్కడికి వచ్చేవారా అని ఆలోచించాడు. 1846లో వాల్డొక్కోలో ఒక కొట్టం అద్దెకు తీసుకున్నాడు. తల్లి కూడా వచ్చి తోడు నిలిచింది. మొదట ఆశ్రయమిచ్చిన కుర్రాళ్లు దుప్పట్లు ఎత్తుకుని పారిపోయారు. అయినా ఆయన తలుపు మూయలేదు. 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథకు మార్గరీటమ్మ అన్నం పెట్టి వంటింట్లోనే పడక వేసింది. ఆ హాస్టల్‌కు మొదటి విద్యార్థి అతడే.

తర్వాత చెప్పులు కుట్టడం, దర్జీ, వడ్రంగం, అచ్చు పని నేర్పించారు. పనికి పెట్టుకునే యజమానులతో ఒప్పంద పత్రాలు రాయించి, కూలి ఇవ్వాలని, కొట్టకూడదని షరతులు పెట్టించాడు. బెత్తం కాదు, ప్రేమ, వివేకం, దైవభక్తి పిల్లలను దిద్దుతాయన్నది ఆయన పద్ధతి. 1859లో సలేషియన్ సభను స్థాపించాడు. 1888 జనవరి 31న కన్నుమూశాడు. ఆ సభవారు 1906లో తంజావూరుకు వచ్చారు. విజయవాడలో వీధి బాలలకు నీడనిస్తున్న నవజీవన్ బాలభవన్ 1989లో వారు మొదలుపెట్టిందే.

రోము ఆయనను పునీతుడని ప్రకటించింది 1934లో. విగ్రహం అంతకు 14 ఏళ్ల ముందే నిలబడింది. అంటే అందరికంటే ముందు ఆయనను గుర్తించింది, ఆయన అన్నం తిని చదివిన పిల్లల పరంపరే.

పూర్వ విద్యార్థులైన అన్నలారా, అక్కలారా! మేము మిమ్మల్ని విగ్రహాలు అడగము. మీ ఊరి నుండి బడి మానేసి వలస పోయే పిల్లవాడు కనబడితే, వాడి చేయి పట్టుకుని ఈ హాస్టల్ గేటు దాకా తీసుకురండి. లోపల మేమున్నాము.