పెద్ద కణాల రక్తహీనతకు మందు తెచ్చిన సుబ్బారావు

భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో ఆశా కార్యకర్త గర్భిణుల చేతిలో పెట్టే రక్తం మాత్రలో ఇనుము ఒక్కటే ఉండదు, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెంకమ్మ వెనక్కి తీసుకొచ్చింది. తర్వాత నగలమ్మి మరీ చదివించింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడికి కోపమొచ్చి, ఎంబీబీఎస్ కాకుండా ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, మనిషి పాలిపోయి చిక్కిపోతాడు. అదే జబ్బు ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేవాళ్లు ఈ మాట ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, ఎదురుచూసిన ఇరవయ్యారేళ్లు ఆవిడవి. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకూ అది పనిచేసింది.

మీ రక్తపరీక్ష కాగితంలో ఎంసీవీ అని ఉంటుంది చూడండి. అది ఎర్రకణం సగటు సైజు. మామూలుగా 80 నుంచి 100 లోపు ఉండాలి. ఇనుము చాలకపోతే కణం చిన్నదవుతుంది. ఫోలిక్ యాసిడ్ గానీ బి12 గానీ చాలకపోతే మూలుగలో కణాలు వేళకి విడిపోలేక పెద్దవవుతాయి, లెక్కకి మాత్రం తగ్గిపోతాయి. మనలో చాలామందికి రెండు లోపాలూ కలిసే ఉంటాయి. అప్పుడు చిన్నవీ పెద్దవీ కలిసి సగటు చక్కగా 90 అని చూపిస్తుంది! అందుకే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఎంసీవీ బాగుందని ఊరుకోకూడదు. బి12 లోపం ఉన్నవాళ్లు ఒట్టి ఫోలిక్ యాసిడే మింగితే రక్తం పడుతుంది గానీ నరాలు దెబ్బతింటాయి, డాక్టరుకి చూపించుకోవాలి. మన మన్యంలో కనిపించే సికిల్ సెల్ ఈ అంకెతో బయటపడదు, దానికి పరీక్ష వేరు. కానీ ఆ జబ్బున్నవాళ్లకీ డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ రాస్తారు.

ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా ఆయన బృందమే చేసిన మందుతో 1948లో రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా జబ్బు తగ్గింది. ఆ ఏడాది ఆగస్టులోనే, 53వ ఏట, న్యూయార్క్‌లో ఆయన నిద్రలో కన్నుమూశారు. ఆ కబురు సముద్రం దాటి శేషగిరమ్మ గారికి చేరింది.