మొక్కజొన్న చేనులో ఒక జీవితం: బార్బరా మెక్‌క్లింటాక్



ఇంటర్‌లో క్రోమోజోమ్ బొమ్మ గీసేటప్పుడు మధ్యలో చిన్న నొక్కు పెట్టి, పక్కన సెంట్రోమియర్ అని రాసి వదిలేసేదాన్ని. ఆ నొక్కు వెనుక ఎంత శ్రమ ఉందో ఎమ్మెస్సీకి వచ్చాకే తెలిసింది. అందులో పెద్ద భాగం బార్బరా మెక్‌క్లింటాక్‌ది.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో జన్మించారు. హైస్కూలు పూర్తయ్యాక, ఎక్కువ చదివితే పెళ్లి కాదని తల్లి కాలేజీ వద్దన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఆ మాట నాకు కొత్త కాదు. బార్బరా నిరాశ పడకుండా ఒక ఉద్యోగాల ఏజెన్సీలో పనిచేస్తూ, మిగతా వేళల్లో లైబ్రరీలో చదువుకున్నారు. తండ్రి యుద్ధం నుంచి తిరిగొచ్చి ఒప్పుకోవడంతో 1919లో కార్నెల్ వ్యవసాయ కళాశాలలో చేరారు. 1927లో పీహెచ్‌డీ పొందారు.

మొక్కజొన్నే ఆమె పుస్తకం. విత్తనం నాటడం, గింజల రంగులు చూడటం, మైక్రోస్కోపు కింద క్రోమోజోమ్‌లు వెతకడం అన్నీ తానే చేసేవారు.

సెంట్రోమియర్ బకెట్‌కు పిడి లాంటిది. కణం రెండుగా విడిపోయేటప్పుడు సన్నని పోగులు అక్కడే పట్టుకుని క్రోమోజోమ్‌లను చెరో వైపుకు లాగుతాయి. ఒకే క్రోమోజోమ్‌కు రెండు పిడులుంటే ఏమవుతుంది? రెండు వైపులా లాగితే అది వంతెనలా సాగి తెగిపోతుంది. తెగిన కొనలు అతుక్కుని, తర్వాతి విభజనలో మళ్లీ తెగుతాయి. ఈ చక్రాన్ని ఆమె 1930ల చివర్లో వివరించారు. ఎక్స్ కిరణాల దెబ్బకు సెంట్రోమియరే విరిగినా, రెండు ముక్కలూ పనిచేయగలవని కూడా గమనించారు.

ఈ తెగిపోయే క్రోమోజోమ్‌లను పరిశీలిస్తూ వెళ్తే, 1940ల్లో చోటు మారే జన్యువులు కనబడ్డాయి. 1951లో ఒక పెద్ద శాస్త్రవేత్తల సమావేశంలో ఆ విషయం చెబితే చాలామందికి అర్థం కాలేదు, నమ్మలేదు. కొన్నాళ్లకు ఆ పరిశోధన గురించి పత్రికలకు రాయడం దాదాపు మానేశారు. పని మాత్రం మానలేదు. ఏటా చేను వేశారు, నోట్సు రాసుకున్నారు. తర్వాత బాక్టీరియాలోనూ అలాంటి జన్యువులు దొరకడంతో లోకం ఆమె వైపు చూసింది. 1983లో 81 ఏళ్ల వయసులో నోబెల్ బహుమతి ఆమె ఒక్కరికే వచ్చింది. 1992 సెప్టెంబరు 2న కన్నుమూశారు.

ఆమె మొదలుపెట్టిన ప్రశ్న ఆమెతో ఆగలేదు. 1993లో ఆస్ట్రేలియాలో ఒక మనిషి క్రోమోజోమ్‌పై, మామూలుగా సెంట్రోమియర్‌లో ఉండే డీఎన్ఏ వరుస లేని చోట కొత్త సెంట్రోమియర్ కనిపించింది. 2006లో, ఒకప్పుడు ఆమె పనిచేసిన మిస్సోరి విశ్వవిద్యాలయంలోనే, రెండు సెంట్రోమియర్లున్నా తెగని మొక్కజొన్న క్రోమోజోమ్‌లను కనుగొన్నారు. వాటిలో రెండో చోట డీఎన్ఏ వరుస అలాగే ఉంది. కానీ అక్కడ సెన్‌హెచ్3 అనే ప్రత్యేక హిస్టోన్ ప్రోటీన్ లేదు, అందుకే ఆ పిడి పనిచేయడం లేదు. అంటే డీఎన్ఏ వరుస ఒక్కటే సరిపోదు. దాని మీద కూర్చునే ప్రోటీన్ గుర్తు కణం నుంచి కణానికి అందుతూ, పిడి ఎక్కడుండాలో నిర్ణయిస్తుంది. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

చెల్లెళ్లారా, మన పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యమే ఉండొచ్చు. అక్కడితో ఆగకండి, ఎందుకని అడగండి. చదువు ఆపేయమని ఎవరైనా అంటే, ఆ లైబ్రరీలో ఒంటరిగా కూర్చుని చదువుకున్న అమ్మాయిని గుర్తు చేసుకోండి. మీ మాట ఈ రోజు ఎవరూ వినకపోయినా, మీ చేనును మీరు వదలకండి.