అణు పరిశోధకుడు స్వామి జ్ఞానానంద

స్వామి అన్న మాట వినగానే మన వైపు ఎవరికైనా ఆశ్రమమే గుర్తుకొస్తుంది, ప్రయోగశాల గుర్తుకు రాదు. జ్ఞానానంద గారి విషయంలో రెండూ నిజమే. అయితే ఆయన గురించి చెప్పుకునేవారు హిమాలయాల కథను గంటసేపు చెప్పి, ఫిజిక్సును రెండు ముక్కల్లో ముగించేస్తుంటారు. మేము ఇక్కడ దాన్ని తిరగేసి చెప్పదలచుకున్నాము.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర గొరగనమూడి గ్రామంలో పుట్టారు. తండ్రికి వేదశాస్త్ర గ్రంథాలంటే ఇష్టం. ఇంట్లో పుస్తకాలు ఉండేవి. నరసాపురం టేలర్ హైస్కూలులో చదివారు. కాలువల కింద వరి పండే సీమలో, పుస్తకాలున్న ఇంట్లో పెరిగిన బాల్యం ఆయనది. గోరంట్ల చుట్టుపక్కల వేరుశనగ చేలు ఎండితే బెంగళూరుకు కూలికి పోయే ఇళ్ల నుంచి వచ్చిన మాకు ఆ బాల్యంతో పోలిక లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఆయన సత్యాన్వేషణ కోసం ఇల్లు విడిచారు. మనం ఇల్లు విడిచేది హాస్టల్లో మూడు పూటలా అన్నం, చదువు దొరుకుతాయని.

యువకుడిగా హిమాలయాలకు వెళ్లి సుమారు పదేళ్లు యోగసాధనలో గడిపారు. జ్ఞానానంద అన్న పేరు అలా వచ్చింది. 1920ల చివర జర్మనీకి వెళ్లి యోగం మీద, వేదాంతం మీద ఉపన్యాసాలిచ్చారు. అక్కడే ఉండిపోయి ఉపన్యాసాలతోనే జీవితం గడిపేసి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

ఆ రోజుల్లో జర్మనీ అంతటా ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించిన చర్చే. దాన్ని అర్థం చేసుకోవాలంటే గణితం, భౌతికశాస్త్రం కావాలి. అన్నీ మన గ్రంథాల్లోనే ఉన్నాయని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఒక స్వామికి సులువైన పని. జ్ఞానానంద ఆ దారి పట్టలేదు. ముప్పై దాటిన వయసులో, పరాయి దేశంలో, డ్రెస్డెన్‌లో విద్యార్థిగా కూర్చుని గణితమూ భౌతికశాస్త్రమూ నేర్చుకున్నారు. ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన తపస్సు ఇదేనని మా అభిప్రాయం.

తర్వాత ప్రేగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డోలేజ్‌షెక్ దగ్గర ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేసి 1936లో డి.ఎస్సీ. పట్టా పొందారు. అప్పటికి ఆయనకు దాదాపు నలభై ఏళ్లు. అక్కడి నుంచి ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని 1935లో నోబెల్ బహుమతి అందుకున్న జేమ్స్ చాడ్విక్ ఆ విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసరు. ఆయన దగ్గర జ్ఞానానంద బీటా కిరణాలను కొలిచే పని చేసి పిహెచ్.డి. పొందారు.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. కొన్ని అణుకేంద్రకాల నుంచి ఎలక్ట్రాన్లు వేగంగా బయటికొస్తాయి. వాటినే బీటా కిరణాలంటారు. ఒక్కొక్క ఎలక్ట్రాన్‌కు ఎంత శక్తి ఉందో తెలుసుకోవడమెలా? అయస్కాంత క్షేత్రంలో పోనిస్తే అది వంపు తిరుగుతుంది. వేగం తక్కువైతే ఎక్కువగా వంగుతుంది, ఎక్కువైతే తక్కువగా వంగుతుంది. ఆ వంపు వ్యాసార్ధాన్ని బట్టి ద్రవ్యవేగం, దాన్ని బట్టి శక్తి లెక్కకు వస్తాయి. వినడానికి ఇంటర్మీడియట్ లెక్కలాగే ఉంటుంది. చిక్కంతా గాలితోనే. 50 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్ మామూలు గాలిలో సుమారు 4 సెంటీమీటర్లు పోయి ఆగిపోతుంది. దారిలో గాలి ఉంటే మనం కొలిచేది కేంద్రకం ఇచ్చిన శక్తి కాదు, గాలి తినగా మిగిలిన శక్తి. కాబట్టి ముందు పరికరంలోని గాలిని తీసేయాలి.

గాలి తీయడం బోరు మోటారు ఆన్ చేసినంత తేలిక కాదు. ఆ మాటకొస్తే మోటారు సంగతీ మనకు తెలుసు, పైపు అతుకులో సన్నని సందున్నా గాలి లాగేసి నీళ్లెత్తదు. ఇక్కడ అంతకంటే వెయ్యి రెట్లు జాగ్రత్త కావాలి. అతుకు, రబ్బరు వాషరు, గాజు లోపలి గోడకు పట్టిన తేమ, ఆఖరికి పూసిన గ్రీజు కూడా వాయువును వదులుతాయి. మామూలు పంపుతో కొంత గాలి తీసి, దాని మీద ఆవిరి ధారతో పనిచేసే డిఫ్యూజన్ పంపు పెట్టి, గేజితో చూస్తూ, ఎక్కడ కారుతోందో వెతుకుతూ రోజులు గడపాలి. యుద్ధకాలంలో అమెరికా చేరి మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధన సాగించిన జ్ఞానానంద, ఈ విద్య మీద ఆంగ్లంలో హై వ్యాక్యువా అనే పుస్తకం రాశారు. 1947లో న్యూయార్క్‌లో అచ్చయింది. ఒక తెలుగు సన్యాసి రాసిన పుస్తకం శూన్యం గురించే అంటే వేదాంతమనుకుంటారేమో! అందులో ఉన్నవి పంపులు, గేజిలు, కొలతలు.

అదే 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం విశ్వకిరణాల్లో పయాన్ అనే కొత్త కణాన్ని కనుగొంది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో యంత్రంతో పయాన్లను పుట్టించి గుర్తించారు. అణుశాస్త్రం దారి అక్కడ మారింది. ఒక ప్రోటాన్‌ను సుమారు 290 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో మరో ప్రోటాన్‌కు ఢీకొడితేగాని పయాన్ పుట్టదు. పుట్టాక సెకనులో నాలుగు కోట్లో వంతు కాలంలోనే క్షీణిస్తుంది. 1954లో లివర్‌పూల్‌లోనే దాదాపు 400 మిలియన్ వోల్టుల సింక్రోసైక్లోట్రాన్ నడవడం మొదలై, పయాన్ల మీద ప్రయోగాలు సాగాయి. ఎన్ని పయాన్లు, ఏ కోణంలో, ఎంత శక్తితో వస్తున్నాయో తేల్చడానికి అక్కడా అయస్కాంతంతో వంచి చూడడమే పద్ధతి. బీటా కిరణాలకు వాడిన సూత్రమే, యంత్రం మాత్రం భవనమంత.

సరిగ్గా ఆ 1954లోనే జ్ఞానానంద వాల్తేరు వచ్చారు. అంతకు ముందు ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. పెద్ద యంత్రాలున్న దేశాలకు తిరిగి వెళ్లకుండా, 57 ఏళ్ల వయసులో, ఏ త్వరణ యంత్రమూ లేని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నారు. వి.ఎస్. కృష్ణ గారు వైస్ ఛాన్సలరుగా ఉన్న కాలమది. 1956లో అణుభౌతికశాస్త్రానికి వేరే శాఖ ఏర్పడింది. పయాన్లు పుట్టించే స్తోమతు లేదు. రేడియోధార్మిక పదార్థం, స్పెక్ట్రోమీటరు, కౌంటరు ఉంటే బీటా, గామా కిరణాలను మాత్రం ప్రపంచంలో ఎవరికీ తీసిపోకుండా కొలవవచ్చు. ఉన్నదానితో ఏది నిక్కచ్చిగా చేయగలమో అదే ఎంచుకున్నారు. అలా తెలుగు పిల్లలు అణుకేంద్రకాన్ని సొంత చేతులతో కొలవడం నేర్చుకున్నారు. విదేశాల్లో ఆయన చేసిన పరిశోధన అంతా ఒక ఎత్తు, ఈ శాఖ ఒక్కటీ ఒక ఎత్తు అని మాకనిపిస్తుంది. ఎందుకంటే డ్రెస్డెన్, ప్రేగ్ అందరూ వెళ్లలేరు. వాల్తేరుకు రైలెక్కవచ్చు.

1965లో పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. పదో తరగతి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఎప్పుడైనా విశాఖ వెళితే సముద్రం చూశాక ఆ భవనం కూడా చూసి రండి.