గ్రేసు డార్లింగు చరిత్రము

పూర్వపు చిత్తూరు జిల్లాకు సముద్రతీరము లేదు. కొండలను, చెరువులను, వానకాలమున మాత్రమే పారు ఏరులను చూచి పెరిగిన మన విద్యార్థులలో అనేకులు సముద్రమును పుస్తకములయందే యెరుగుదురు. 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు దానిలో చేరుటచేత పులికాటు సరస్సులోని ఇరకము, వేనాడు మొదలగు దీవులు మన పొరుగువారి దీవులు గాక మన దీవులే యైనవి. అటుపిమ్మట ఒక శీతకాలమున మేము పదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని పడవమీద ఇరకము దీవికి పోయితిమి. సరస్సు నిశ్చలముగానే యుండెను. అయినను చిన్న అల పడవయంచును తాకినప్పుడెల్ల పిల్లలు మా చేయి పట్టుకొనిరి. తిరిగి వచ్చునప్పుడు ఒక బాలిక, తుపాను వచ్చిననాడు ఈ దీవిలోనివారిని తెచ్చుటకు ఎవరు పోదురని మమ్మడిగెను. దానికి బదులుగా మేము గ్రేసు డార్లింగు కథ చెప్పితిమి. మేము చెప్పినదానిలో కొంత తప్పున్నదని తరువాత తెలిసినది. ఆ తప్పును దిద్దుకొనుటయు ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణము.

ఇంగ్లండు దేశపు ఈశాన్యభాగమున నార్తంబరులాండు అను మండలము కలదు. అచ్చటి బాంబరో గ్రామమున కెదురుగా సముద్రములో ఫార్ను దీవులు చెదరియున్నవి. ఆటుపోటులనుబట్టి యవి 15 మొదలు 20 వరకు కనబడును. పోటు వచ్చినప్పుడు కొన్ని పూర్తిగా మునిగిపోవును. చెట్లు లేని నల్లని బండలే వానిలో అధికము. ఏడవ శతాబ్దమున కత్బర్టు అను భక్తుడు వానిలో నొకదానియందు ఏకాంతముగా నివసించి 687వ సంవత్సరమున అచ్చటనే కన్నుమూసెను. పులికాటునకు ఎర్రకాళ్ల రాజహంసలు వచ్చునట్లు, ఆ దీవులకు ప్రతి వేసవియందు రంగుముక్కుల పఫిను పక్షులు వేలకొలది వచ్చి గూళ్లు పెట్టును. ఆ బండలు చూచుటకు వచ్చువారికి వేడుక. చీకటిలో దారితప్పిన నావికులకు మృత్యువు. అందుచేతనే యచ్చట దీపస్తంభములు కట్టిరి.

గ్రేసు 1815వ సంవత్సరము నవంబరు 24వ తేదీన బాంబరో గ్రామమున తన మాతామహుని యింట జన్మించెను. తండ్రి విలియము డార్లింగు దీపస్తంభ రక్షకుడు. తల్లి పేరు థామసిను. వారి తొమ్మండుగురు బిడ్డలలో గ్రేసు ఏడవది. పుట్టిన కొన్నివారములకే ఆమెను బ్రౌన్సుమను దీవికి తీసికొనిపోయిరి. అచ్చట కొంత మన్నుండుటచే కూరగాయల తోటయు, కొన్ని పశువులును ఉండెడివి. 1826లో లాంగుస్టోను అను ఇంకను దూరపు బండమీద క్రొత్త దీపస్తంభము లేచినప్పుడు ఆ కుటుంబము అచ్చటికి మారెను. ఆ బండమీద గడ్డిపోచయైనను మొలవదు. చుట్టును నీరే, త్రాగుటకు మాత్రము నీటికి కరవు.

ఆ దీవిలో బడి లేదు. తండ్రియే బిడ్డలకు చదువు చెప్పెను. అతడు కట్టుబాటుగలవాడు; పేకాటలను, కల్పిత కథలను ఇంటికి రానీయలేదు. వేదగ్రంథమును, చరిత్రమును, భూగోళమును నేర్పెను. అంతకంటె గొప్ప చదువు ఆ దీపమే చెప్పెను. సంధ్యవేళ దీపము వెలిగింపవలెను, తెల్లవారువరకు ఆరనీయరాదు, ఒకరు నిదురించిన మరియొకరు మేలుకొనవలెను, పగలు వత్తులు కత్తిరించి, దీపము వెనుకనున్న లోహదర్పణములకు మెరుగు పెట్టవలెను. పెద్దపిల్లలు ఒక్కరొక్కరుగా తీరమునకు పోయి స్థిరపడగా, గ్రేసు తల్లిదండ్రులకు తోడుగా నిలిచెను. తల్లికి వంటలో, తండ్రికి కావలిలో సాయపడుచు ఆమె 22 ఏండ్లు గడిపెను. ఆమె పేరు ఆ తీరమునకు ఆవల నెవరికిని తెలియదు.

1838వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ సాయంకాలమున ఫార్ఫర్‌షైరు అను పొగయోడ హల్లు రేవునుండి డండీ పట్టణమునకు బయలుదేరెను. దానియందు సుమారు 60 మంది యుండిరి. దారిలో బాయిలరు కారుట మొదలిడెను. మరునాటికి గాలి తుపానుగా మారెను. స్కాట్లండు తీరమునకు చేరునప్పటికి యంత్రము ఆగిపోయెను. ఓడ తెరచాపల సాయముతో దక్షిణమునకు కొట్టుకొనివచ్చి, 7వ తేదీ తెల్లవారకముందే బిగ్ హార్కరు అను బండకు తాకి రెండు ముక్కలయ్యెను. వెనుక భాగము నిద్రించు ప్రయాణికులతో కూడ క్షణములో కొట్టుకొనిపోయెను. ఓడ తలభాగము మాత్రము బండకు తగులుకొని నిలిచెను. ఓడవారిలో ఎనమండుగురును, ప్రయాణికుడొకడును చిన్న పడవలో బయటపడి, దారినపోవు వేరొక నావచే రక్షింపబడిరి. మిగిలిన కొందరు బండమీద అలలదెబ్బలకు ఓర్చుకొనుచు కూర్చుండిరి. వారిలో సారా డాసను అను తల్లి తన యిద్దరు బిడ్డలను చేతులలో పొదివికొని యుండెను. తెల్లవారునప్పటికి ఆ బిడ్డలిద్దరును చలికి ప్రాణము విడిచిరి.

ఆ రాత్రి దీపస్తంభమునందు తల్లి, తండ్రి, గ్రేసు తప్ప వేరెవరును లేరు. సోదరుడు విలియము బ్రూక్సు చేపలవేటకై తీరమునకు పోయియుండెను. వేకువ సుమారు 4.45 గంటలకు గ్రేసు కిటికీనుండి ఆ ఓడను చూచెను. కాని మనుష్యులెవరును కనబడలేదు. తండ్రియు కూతురును దుర్భిణితో మరల మరల పరికించిరి. సుమారు 7 గంటలకు వెలుతురు బాగుగా వచ్చిన తరువాతనే బండమీద మనుష్యులు కదలుట వారికి కనబడెను.

మేము ఆనాడు పడవలో చెప్పిన తప్పు ఇచ్చటనే యున్నది. రాత్రి చీకటిలో గ్రేసు ఆర్తనాదములు వినెననియు, భయపడి వెనుకాడు తండ్రిని కన్నీటితో బతిమాలి బయలుదేరదీసెననియు మేము చెప్పితిమి. చిన్ననాడు మాకట్లే చెప్పిరి. ఆ కాలపు వార్తాపత్రికలును, చిత్తరువులును, నవలలును కల్పించిన కథ యది. ఆ గాలిలో అంతదూరమునుండి కేకలు వినబడుట పొసగదు. తండ్రి పిరికివాడు కాడు. ఆ సముద్రమును చిన్ననాటినుండి యెరిగినవాడు. పడవను నడుపుటకు ఇద్దరు కావలెను; ఇంట రెండవవాడు లేడు. తిన్నగా పోయిన పడవ బోల్తాపడును. దీవుల మరుగున చుట్టి పోవలెను. అట్లు పోయిన దూరము సుమారు ఒక మైలగును. పోవుట సాధ్యమైనను, తిరుగుప్రయాణమున ఎదురు ప్రవాహమును దాటుటకు రక్షింపబడినవారిలో ఎవరైనను తెడ్డు పట్టగలిగినగాని ఇల్లు చేరుట కష్టము. బండమీదివారికి ఆ శక్తి యున్నదో లేదో యెవరికి తెలియును? ఇదియంతయు ఎరిగియే తండ్రియు కూతురును బయలుదేరిరి. అరువదియేండ్లు దాటిన తల్లి పడవను నీటిలోనికి త్రోయుటకు సాయపడి, తన భర్తయు బిడ్డయు అలల మరుగునకు పోవుట చూచుచు నిలిచెను. ఆమె ధైర్యమును గూర్చి చెప్పువారు అరుదు.

వారి పడవ పొడవు 21 అడుగులు. బండను సమీపింపగానే తండ్రి పైకి దుమికెను. ఆ క్షణమునుండి పడవభారమంతయు గ్రేసుదే. దానిని కట్టివేయుటకు వీలులేదు. బండకు తాకిన పగిలిపోవును. దూరముగా పోయిన తండ్రి బండపై చిక్కుకొనును. ఆమె రెండు తెడ్లను పట్టి, ముందుకును వెనుకకును త్రిప్పుచు, ఆ ఉగ్రజలములలో పడవను ఒక్కతియే నిలిపెను. బండమీద తొమ్మండుగురు సజీవులై యుండిరి. అందరును ఒకేసారి పట్టరు. డాసను అను ఆ తల్లిని, గాయపడినవానితో కూడ నలుగురు పురుషులను మొదట తీసికొనిరి. ఆ తల్లి తన బిడ్డల శవములను బండమీదనే విడిచి రావలసివచ్చెను. దీపస్తంభము చేరిన తరువాత గ్రేసు దిగి తల్లితో కూడ వారి పరిచర్యకు పూనుకొనెను. తండ్రి, రక్షింపబడినవారిలో ఇద్దరిని తోడు తీసికొని, మరల పోయి మిగిలిన నలుగురిని తెచ్చెను. సుమారు 9 గంటలకు అందరును దీపస్తంభమున చేరిరి. నలువదిమందికి పైగా సముద్రము పాలైరి.

అదే వేళకు నార్తు సండర్లండు గ్రామమునుండి ఏడుగురు జాలరులు ప్రాణములకు తెగించి, అంతకంటె దూరము తెడ్లువేసికొని బండకు వచ్చిరి. వారిలో గ్రేసు సోదరుడును ఉండెను. వారికి అచ్చట మృతదేహములే కనబడినవి. తిరిగి తీరమునకు పోలేక వారును లాంగుస్టోనుననే తలదాచుకొనిరి. తుపాను తగ్గువరకు ఆ చిన్నయింట అంతమందికి వండి, పొడిబట్టలిచ్చి, పక్కలు పరచినది ఆ తల్లియు, కూతురును. గ్రేసు చేసిన పనిలో తెడ్లు పట్టిన రెండు గంటలే లోకమునకు తెలిసినవి. ఈ దినములు తెలియవు. ఆ జాలరులకు దక్కిన కీర్తియు మిక్కిలి స్వల్పము.

కొన్ని వారములలో ఆమె పేరు దేశమంతయు వ్యాపించెను. నౌకాపాయరక్షణ సంఘమువారు తండ్రికిని కూతురునకును వెండిపతకములిచ్చిరి. విక్టోరియా రాణి 50 పౌనులు పంపెను. ప్రజలు 700 పౌనులకు మించి చందాలు పోగుచేసిరి. నార్తంబరులాండు ప్రభువు ఆ ధనమునకు ధర్మకర్తయై ఆమెను ఆదరించెను. పన్నెండుగురికి మించిన చిత్రకారులు సముద్రము దాటి వచ్చి ఆమెను కూర్చుండబెట్టి చిత్రములు వ్రాసిరి. ఎందరో ఆమె తలవెండ్రుకలను జ్ఞాపకార్థముగా పంపుమని జాబులు వ్రాసిరి. పడవలనిండ వేడుకచూచువారు ఆ బండకు వచ్చుచుండిరి. నాటకశాలలవారు రంగస్థలముమీద ఊరక కూర్చుండిన చాలునని ధనమాశచూపిరి. ఆమె దేనికిని పోలేదు. జాబులకు ఓపికతో బదులు వ్రాయుచు, దీపము తుడుచుచు, తల్లిదండ్రుల యొద్దనే యుండెను. తుపానును ఓర్చిన ఆ శరీరమునకు ఈ సందడి భారమే యైనది.

1842లో ఆమెకు దగ్గును నీరసమును పట్టెను. గాలిమార్పునకై తీరమునకు తీసికొనిపోయిరి, గుణము కలుగలేదు. అది క్షయవ్యాధి. ఆ వ్యాధికి ఆనాడు మందులేదు. 1842వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన బాంబరో గ్రామమున ఆమె పరమపదించెను. అప్పటికి ఆమెకు 27వ యేడు నిండలేదు. ఆ గ్రామపు దేవాలయపు ఆవరణమున, దారినపోవు ఓడలవారికి కనబడునట్లు, ఆమె స్మారకము నిలిపిరి. ఆ 21 అడుగుల పడవను బాంబరో వస్తుప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. 1990లో లాంగుస్టోను దీపము యంత్రముచేతనే వెలుగునట్లు చేయబడెను. ఇప్పుడు అచ్చట కాపురముండువారు లేరు. వేసవిలో సీహౌసెసు రేవునుండి పడవలు యాత్రికులను ఆ దీవులకు తీసికొనిపోవుచున్నవి.

ఈ తప్పుకథను మేము ఎన్నియో సంవత్సరములు పిల్లలకు చెప్పితిమి. కూతురిని పెద్దచేయుటకై తండ్రిని చిన్నచేసితిమి. నిజమైన కథలో ఎవరిని చిన్నచేయవలసిన పనిలేదు. నిజమును తెలిసికొన్న తరువాత గ్రేసు తగ్గలేదు. ఆమె ప్రక్కన తండ్రి, తల్లి, ఏడుగురు జాలరులు నిలిచిరి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, త్రాళ్లు పట్టుకొని ఇరుగుపొరుగువారిని గట్టుచేర్చినవారిని మన పిల్లలలో కొందరు కన్నులార చూచిరి. వారిలో అనేకుల పేర్లు ఏ పత్రికయందును అచ్చుపడలేదు.

ఆనాడు పడవలో మమ్మడిగిన బాలికకు ఇప్పుడు సరియైన బదులు చెప్పగలము. తుపాను వచ్చిననాడు ఎక్కడినుండియో వీరులు దిగిరారు. ఆ నీటిని ఎరిగినవారు, తెడ్డు పట్టుట ముందుగనే నేర్చినవారు, ప్రతిరాత్రి దీపము ఆరకుండ కాచినవారు పోదురు. గ్రేసు డార్లింగు ఆ ఒక్క ఉదయమునకై 22 సంవత్సరములు, తనకు తెలియకయే, సిద్ధపడెను. మన విద్యార్థినీ విద్యార్థులు తమకప్పగింపబడిన చిన్నపనిని, ఎవరును చూడని వేళలయందును, అట్లే చేయుదురుగాక యని మా కోరిక.