కొల్లాజెన్ నుంచి రామచంద్రన్ పటం దాకా: ఒక విమర్శకు మద్రాసు ఇచ్చిన సమాధానం

ప్రపంచంలో ఏ ప్రయోగశాల కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని కనుగొన్నా, అది అంతర్జాతీయ ప్రోటీన్ డేటా బ్యాంకులో చేరేటప్పుడు ఒక పరీక్షకు నిలబడాలి. గొలుసులోని మలుపులు సాధ్యమైనవేనా, లేక లెక్కలో ఎక్కడైనా పొరపాటు జరిగిందా అని ఆ పరీక్ష తేలుస్తుంది. దాని పేరు రామచంద్రన్ పటం. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ పటం వెనుక ఎనిమిదేళ్ల నాటి ఒక ఎదురుదెబ్బ ఉంది.

గోపాలసముద్రం నారాయణ అయ్యర్ రామచంద్రన్ 1922 అక్టోబర్ 8న ఎర్నాకుళంలో పుట్టారు. తండ్రి అక్కడి మహారాజా కళాశాలలో గణితం బోధించేవారు. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన రామచంద్రన్, 1942లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఆయన మొగ్గు ఎటువైపో గమనించిన సి.వి.రామన్ భౌతికశాస్త్ర విభాగానికి మార్పించుకున్నారు.

1947లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు వెళ్లి, వూస్టర్ దగ్గర రెండేళ్లు పరిశోధన చేశారు. స్ఫటికం మీద ఎక్స్‌రే కిరణాలు పడితే ఫిల్మ్ మీద పదునైన చుక్కలు వస్తాయి. వాటి చుట్టూ పలచటి మసక కూడా ఉంటుంది. స్ఫటికంలోని పరమాణువులు నిరంతరం కంపిస్తుండటమే ఆ మసకకు కారణం. ఆ చెదురు కిరణాలను కొలిచి, పదార్థం ఎంత సాగుతుందో, ఎంత గట్టిదో లెక్కగట్టే పద్ధతిని రామచంద్రన్ రూపొందించారు. ఫిల్మ్ మీది మసకలోనూ సమాచారం ఉంటుందన్న ఈ పాఠం తర్వాత ఆయనకు బాగా అక్కరకొచ్చింది.

1952లో మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి ఎ.లక్ష్మణస్వామి మొదలియార్ కొత్త భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి కోసం వెతుకుతున్నారు. రామన్ సూచించిన పేరు రామచంద్రన్‌దే. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఏ సమస్య చేపట్టాలా అని ఆలోచిస్తున్న సమయంలో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి.బెర్నాల్ ఒక దారి చూపారు. కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదన్నది ఆయన చెప్పిన మాట.

చర్మంలో, ఎముకలో, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులో ఉండే ప్రోటీన్ కొల్లాజెన్. పశువుల తోలు తోలుగా నిలిచేది దీనివల్లే. ఉడకబెడితే జెలటిన్ అవుతుంది. ఉప్పు కల్లులా స్ఫటికమై ఉండదు కనుక ఎక్స్‌రే చిత్రంలో కొన్ని మసక గీతలు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. వాటి నుంచి నేరుగా నిర్మాణాన్ని లెక్కగట్టడం కుదరదు. ముందు ఒక నమూనా ఊహించి, ఆ గీతలకు సరిపోతుందో లేదో చూసుకోవాలి. అంతటి లైనస్ పౌలింగ్ 1951లో ప్రతిపాదించిన నమూనా కూడా తప్పని తేలింది.

రామచంద్రన్‌కు ఒక అనుకూలత ఉంది. తర్వాతి కాలంలో యలవర్తి నాయుడమ్మ నాయకత్వంలో పేరు తెచ్చుకున్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ మద్రాసులోనే ఉంది. కొల్లాజెన్ నమూనాల కోసం దూరం పోనక్కర్లేకపోయింది. కంగారూ తోక స్నాయువు పోగులు మంచి చిత్రాలనిచ్చాయి. సహచరుడు గోపీనాథ్ కర్తాతో కలిసి ఆయన ఒక రసాయన వివరాన్ని పట్టుకున్నారు. కొల్లాజెన్‌లోని అమైనో ఆమ్లాల్లో దాదాపు మూడో వంతు గ్లైసీనే. అన్నిటికంటే చిన్నదైన గ్లైసీన్‌కు మాత్రమే చోటు సరిపోయే ఇరుకు ప్రతి మూడో స్థానంలో ఉండాలి. మూడు గొలుసులు పక్కపక్కన చేరితే మధ్యలో అలాంటి ఇరుకే ఏర్పడుతుంది. 1954లో ఈ నమూనా నేచర్ పత్రికలో వచ్చింది. 1955లో దాన్ని సవరించి, మూడు గొలుసులూ ఒకదానితో ఒకటి పురి తిరిగి ఉంటాయని చెప్పారు. మూడు పేటల తాడు అన్నమాట.

అదే ఏడాది అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ తమ నమూనాతో ముందుకొచ్చారు. మూడు పేటలన్న మూల ఆలోచనను వారు కాదనలేదు. కానీ మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయనీ, గొలుసులను కలిపే హైడ్రోజన్ బంధాలు ప్రతి మూడు అమైనో ఆమ్లాలకు రెండు కాదు, ఒకటేననీ అభ్యంతరం చెప్పారు. డీఎన్ఏతో అప్పటికే క్రిక్ పేరు మారుమోగుతోంది. ఘనత ఎవరికి ఎంత అన్న చర్చ చాలాకాలం నడిచింది.

రామచంద్రన్ వాదన దగ్గర ఆగిపోలేదు. ఇంతకీ రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చు? దీనికి నికరమైన జవాబు లేదని గ్రహించి, వి.శశిశేఖరన్, సి.రామకృష్ణన్‌లతో కలిసి అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ తిరగేశారు. ఏ జంటకు ఎంత ఎడం ఉండాలో పట్టిక వేశారు. ప్రోటీన్ గొలుసు ప్రతి అమైనో ఆమ్లం దగ్గర రెండుచోట్ల తిరగగలదు. ఆ రెండు కోణాలకు ఫై, సై అని పేర్లు. వాటిని కొద్దికొద్దిగా మారుస్తూ ఎక్కడ పరమాణువులు ఢీకొంటాయో చేతి లెక్కల యంత్రాలతో గుణించి, ఫలితాన్ని ఒక చదరపు పటంగా గీశారు. ఆ చదరంలో చాలా భాగం నిషిద్ధ ప్రాంతమని తేలింది. అప్పటికి పూర్తిగా తెలిసిన ప్రోటీన్ నిర్మాణాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. ఆ తర్వాత బయటపడిన వేలాది నిర్మాణాలు ఆ పటం గీసిన హద్దుల్లోనే ఇమిడాయి.

1971లో బెంగళూరుకు తిరిగి వచ్చి భారతీయ విజ్ఞాన సంస్థలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని నిర్మించారు. అదే ఏడాది ఎ.వి.లక్ష్మీనారాయణన్‌తో కలిసి, వేర్వేరు కోణాల్లో తీసిన ఎక్స్‌రే నీడల నుంచి లోపలి రూపాన్ని తిరిగి కట్టే సులువైన గణిత పద్ధతిని ప్రచురించారు. సీటీ స్కాన్‌ల వెనుక ఉన్న గణితంలో దానికి ముఖ్యమైన చోటుంది. 1979లో సీటీ స్కాన్‌కు దక్కిన నోబెల్ కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు వెళ్లింది. రామచంద్రన్‌కు 1977లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1999లో స్ఫటికశాస్త్రవేత్తల అంతర్జాతీయ సమాఖ్య నుంచి ఎవాల్డ్ బహుమతి దక్కాయి.

కొల్లాజెన్ తగవు 1994లో తీరింది. జోర్డీ బెల్లా, బార్బరా బ్రాడ్‌స్కీ, హెలెన్ బర్మన్‌ల బృందం కొల్లాజెన్‌ను పోలిన చిన్న పెప్టైడ్ స్ఫటికాన్ని స్పష్టంగా చూడగలిగింది. మూడు పేటల తాడు నిజమే. నేరుగా ఉన్న హైడ్రోజన్ బంధం ఒకటే, అంటే ఆ అంశంలో రిచ్, క్రిక్‌లదే సరైన మాట. అయితే గొలుసుల మధ్య నీటి అణువులు వంతెనలుగా నిలిచి బంధాలు కలుపుతున్నాయి. నీటి ద్వారా అలాంటి బంధం ఉండవచ్చని రామచంద్రన్ 1968లోనే ప్రతిపాదించారు.

పార్కిన్సన్ వ్యాధితో చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో కన్నుమూశారు. ఇప్పుడు ప్రోటీన్ల ఆకారాన్ని కృత్రిమ మేధ క్షణాల్లో ఊహించి చెబుతోంది. ఆ ఊహ నమ్మదగిందేనా అని చూసేటప్పుడు కూడా శాస్త్రవేత్తలు తెరిచే వాటిలో మద్రాసులో గీసిన ఆ పటం ఉంటుంది.